బైక్ వారంటీ పోకూడదంటే: ఆయిల్ డబ్బా మీద ఏం చూడాలి, ఏ కాగితం దాచుకోవాలి

సాయంత్రం ఏడు దాటాక ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఏ హోటల్ ముందు చూసినా డెలివరీ బైకులే కనిపిస్తాయి. వాటి మీద తిరిగేవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఆర్డర్ ఆలస్యమైతే ఏం చేయాలో, పోలీసు ఆపితే ఏ కాగితం చూపించాలో చాలామందికి తెలుసు. కానీ ఇంజిన్ ఆగిపోయి, షోరూమ్‌వాళ్లు "వారంటీ వర్తించదు" అన్న రోజున ఏం చేయాలో మాత్రం చాలామందికి తెలియదు.

ఆ మాట రావడానికి ఎక్కువసార్లు కారణం ఇంజిన్ ఆయిల్. తప్పు రకం ఆయిల్ పోయించడం ఒకటి, సరైనదే పోయించినా దానికి రుజువు లేకపోవడం ఇంకొకటి. రెండో దాంట్లో తప్పు లేకపోయినా నష్టం మనకే. అందుకే ఈ వివరాలు ఒకచోట ఇస్తున్నాం. కంపెనీ బైక్ నడిపేవాళ్లకు, సొంత బైక్ కొనుక్కున్నవాళ్లకు, ఊళ్లో ఇంట్లోవాళ్లకు బైక్ కొనిచ్చినవాళ్లకు కూడా ఇది పనికొస్తుంది.

వారంటీ అంటే అసలేంటి?

బైక్ తయారీలో లోపం ఉంటే ఉచితంగా బాగుచేస్తామని కంపెనీ ఇచ్చే హామీయే వారంటీ. వాడకం వల్ల అరిగిపోయే వాటికి అది వర్తించదు. ఆయిల్, ఫిల్టర్, బ్రేక్ షూలు, క్లచ్ ప్లేట్లు మామూలుగా వారంటీలోకి రావు. ఇంజిన్ లోపలి పిస్టన్, క్రాంక్, గేర్లు వస్తాయి. అయితే ఒక షరతు ఉంటుంది: కంపెనీ చెప్పిన ఆయిల్ వాడి ఉండాలి, చెప్పిన సమయానికి మార్పించి ఉండాలి.

ఇంజిన్ పట్టేసిన బైక్ షోరూమ్‌కి వెళ్తే వాళ్లు ముందుగా చూసేవి ఇవి:

1. ఇంజిన్‌లో ఆయిల్ ఎంత ఉంది?
2. ఉన్న ఆయిల్ ఏ రకం? నల్లగా, జిగురుగా, మడ్డి కట్టి ఉందా?
3. సర్వీస్ పుస్తకంలో ఏ తేదీకి, ఏ కిలోమీటరుకు సర్వీస్ అయింది?
4. బయట చేయించి ఉంటే బిల్లు ఉందా?

ఈ నాలుగింటికీ సరైన జవాబు ఉంటే వాళ్లు కాదనడం కష్టం. ఒక్కటి తప్పినా వాళ్లకు కారణం దొరికినట్టే.

కారు ఆయిల్ బైక్‌లో ఎందుకు పోయకూడదు?

"ఆయిల్ ఏదైనా ఆయిలే కదా, కారుది ఇంకా ఖరీదు, ఇంకా మంచిది" అనే మాట గ్యారేజీల్లో తరచుగా వింటుంటాం. అది నిజం కాదు.

కారులో ఇంజిన్ ఆయిల్ ఇంజిన్‌కే పరిమితం. గేర్‌బాక్స్‌కి వేరే ఆయిల్ ఉంటుంది. క్లచ్‌కి ఆయిల్ తగలదు. మనం నడిపే గేర్ల బైకుల్లో చాలావరకు అలా కాదు. ఇంజిన్, గేర్లు, క్లచ్ ప్లేట్లు మూడూ ఒకే ఆయిల్‌లో పని చేస్తాయి. క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లో మునిగి ఉండి కూడా ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకోవాలి. అంటే బైక్ ఆయిల్ ఇంజిన్‌లో రాపిడి తగ్గించాలి, క్లచ్‌లో మాత్రం పట్టు పోనివ్వకూడదు.

పెట్రోలు ఆదా కోసం కారు ఆయిల్ చాలా రకాల్లో రాపిడి బాగా తగ్గించే రసాయనాలు కలుపుతారు. ఆ ఆయిల్ బైక్‌లో పోస్తే క్లచ్ ప్లేట్లు జారడం మొదలవుతుంది. యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ అరుస్తుంది కానీ బండి ముందుకు లాగదు. జారే ప్లేట్లు వేడెక్కి కాలిపోతాయి. వాటి పొడి అదే ఆయిల్‌లో కలిసి ఇంజిన్ అంతా తిరుగుతుంది. క్లచ్ ప్లేట్లు ఎలాగూ వారంటీలో ఉండవు కాబట్టి ఆ ఖర్చు మనది. దాని వల్ల ఇంజిన్ దెబ్బతింటే వారంటీ కూడా అడగలేం.

లారీలకు వాడే డీజిల్ ఇంజిన్ ఆయిల్, డ్రమ్ములోంచి మగ్గుతో పోసే లూజు ఆయిల్ విషయంలోనూ ఇదే జాగ్రత్త. లూజు ఆయిల్ మంచిదే అయినా అది ఏ రకమో రుజువు చేయడానికి మీ దగ్గర డబ్బా ఉండదు, బిల్లు మీద పేరూ ఉండదు. మైలేజీ పెరుగుతుందని చెప్పి అదనంగా పోసే చిన్న సీసాల మందులు కూడా వద్దు.

డబ్బా మీద మూడు గుర్తులు చూడండి

ఆయిల్ కొనేటప్పుడు బ్రాండ్ పేరు కన్నా ముందు ఇవి చూడాలి. డబ్బా మీద ఇవి ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటాయి.

మొదటిది: చిక్కదనం. 10డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 అని రాసి ఉంటుంది. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది. వెనకున్న అంకె ఇంజిన్ వేడెక్కాక ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. "దోహా ఎండకి చిక్కటి ఆయిలే మంచిది" అని మెకానిక్ చెప్పాడని 10డబ్ల్యూ-30 రాసి ఉన్న బైక్‌లో 20డబ్ల్యూ-50 పోయించకండి. కొన్ని మాన్యువల్స్‌లో బయటి వేడిని బట్టి ఏది వాడొచ్చో పట్టిక ఉంటుంది. ఆ పట్టికలో ఉంటేనే మార్చండి.

రెండోది: ఏపీఐ గ్రేడు. ఇది గుండ్రటి ముద్రలో ఉంటుంది. పెట్రోలు ఇంజిన్లకు ఎస్ అక్షరంతో మొదలవుతుంది: ఎస్‌జే, ఎస్ఎల్, ఎస్ఎం, ఎస్ఎన్, ఎస్‌పీ. ఎస్ఎల్ 2001లో వచ్చింది, ఎస్ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో. రెండో అక్షరం ముందుకు వెళ్లేకొద్దీ కొత్త ప్రమాణం. మాన్యువల్‌లో "ఎస్ఎల్ లేదా అంతకు పైన" అని ఉంటే ఎస్ఎన్ కూడా సరిపోతుంది, అయితే కింద చెప్పే మూడో గుర్తు కూడా ఉండాలి. అదే గుండ్రటి ముద్ర కింది భాగంలో "ఎనర్జీ కన్సర్వింగ్" లేదా "రిసోర్స్ కన్సర్వింగ్" అని ఉంటే అది కార్ల కోసం చేసిన ఆయిల్. గేర్ల బైక్‌కి వద్దు.

మూడోది, అన్నింటికన్నా ముఖ్యమైనది: జాసో గుర్తు. ఇది జపాన్ వాహన ప్రమాణాల సంస్థ పెట్టిన గుర్తు. కారు ఆయిళ్లతో బైక్ క్లచ్‌లు జారే సమస్య పెరిగాక, 1998లో బైకుల కోసమే ఈ ప్రమాణం తెచ్చారు. డబ్బా వెనక చిన్న పెట్టెలాంటి చట్రంలో ఎంఏ, ఎంఏ1, ఎంఏ2 లేదా ఎంబీ అని ఉంటుంది. ఎంఏ రకాలు ఆయిల్‌లో మునిగే క్లచ్ ఉన్న గేర్ల బైకులకు. ఎంబీ గేర్లు లేని స్కూటర్లకు. మీ బైక్‌కి గేర్లు ఉంటే ఎంబీ తీసుకోవద్దు.

ఈ మూడూ మీ బైక్ మాన్యువల్‌తో సరిపోవాలి. మాన్యువల్ లేకపోతే బైక్ మోడల్ పేరు, సంవత్సరం చెప్పి షోరూమ్‌లో అడగండి. ఆ పేజీ ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. సనయ్యలో మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు భాష రాకపోయినా ఆ ఫోటో చూపిస్తే చాలు.

కంపెనీ సొంత బ్రాండ్ ఆయిలే వాడాలా?

చాలా మాన్యువల్స్‌లో కంపెనీ ఆయిల్ పేరు ఇచ్చి, పక్కనే "లేదా దానికి సమానమైనది" అని రాస్తారు. అలా ఉంటే అదే చిక్కదనం, అదే గ్రేడు, అదే జాసో గుర్తు ఉన్న వేరే బ్రాండ్ ఆయిల్ కూడా వాడొచ్చు. అయితే ఇంకో బ్రాండ్ వాడినప్పుడు రుజువు భారం మీ మీద ఎక్కువ పడుతుంది. బిల్లు తప్పనిసరి.

ఈ గొడవ మన ఒక్కళ్లదే కాదు. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, ఆయిల్ ఉచితంగా ఇస్తే తప్ప "మా బ్రాండే వాడాలి, లేకపోతే వారంటీ లేదు" అని కంపెనీ మామూలుగా షరతు పెట్టకూడదు. మన దేశంలో కార్ల కంపెనీల కేసులో కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న తీర్పు ఇచ్చింది. బయట మెకానిక్ దగ్గర పని చేయించినంత మాత్రాన మొత్తం వారంటీ రద్దు అనే షరతు పెట్టకూడదని, బయటి పని వల్ల జరిగిన నష్టం మేరకే కాదనొచ్చని చెప్పింది. 14 కంపెనీలకు కలిపి సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అది కార్ల కేసు, ఖతార్‌లో చెల్లే తీర్పు కాదు. కానీ ఎక్కడైనా అడగాల్సిన ప్రశ్న ఒకటే: "ఈ ఇంజిన్ పాడవడానికి ఆ ఆయిలే కారణమని మీరు ఎలా చెబుతున్నారు?" ఉదాహరణకి హెడ్‌లైట్ వైరింగ్ కాలిపోతే దానికీ ఆయిల్‌కీ సంబంధం లేదు.

డెలివరీ బైక్ లెక్క వేరు

సొంత పనులకు వాడే బైక్‌ని దృష్టిలో పెట్టుకుని మాన్యువల్‌లో గడువులు రాస్తారు. డెలివరీ బైక్ పరిస్థితి అలా ఉండదు. ఒక లెక్క చూడండి.

రోజుకు 150 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు తిరిగితే 3,900 కిలోమీటర్లు. మీ మాన్యువల్ "3,000 కిలోమీటర్లు లేదా మూడు నెలలు, ఏది ముందు వస్తే అది" అంటే, మీకు మూడు నెలలు కాదు, 20 పని రోజులకే ఆయిల్ మార్పు వచ్చేస్తుంది. వారంటీ "రెండేళ్లు లేదా 30,000 కిలోమీటర్లు" అని ఉంటే అది ఎనిమిది నెలలు కూడా తిరక్కుండానే అయిపోతుంది. క్యాలెండర్ చూసి "ఇంకా ఏడాది ఉంది" అనుకునేవాళ్లు ఇక్కడే మోసపోతారు. మీటరు చూడండి.

ఇంకో సంగతి. బిన్ మహమూద్ సందుల్లో పార్కింగ్ దొరక్క, ఆర్డర్ కోసం ఇంజిన్ ఆపకుండా నిలబడతాం. ఆ సమయంలో మీటరు తిరగదు కానీ ఆయిల్ మాత్రం కాలుతూనే ఉంటుంది. గాలితో చల్లబడే చిన్న ఇంజిన్‌కి బండి కదలకపోతే గాలి తగలదు. వేసవిలో ఇది మరీ ఎక్కువ. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా బయట ఎండలో పనికి నిషేధం ఉంది. కానీ రాత్రి కూడా వేడి తగ్గదు, దుమ్మూ తగ్గదు. "కఠిన వాడకం ఉంటే గడువుకన్నా ముందే మార్చండి" అని చాలా మాన్యువల్స్‌లో ఉంటుంది. మనది కఠిన వాడకమే.

125, 150 సీసీ బైకుల్లో పట్టే ఆయిల్ దాదాపు ఒక లీటరే. అందులో పావు లీటరు తగ్గిందంటే నాలుగో వంతు పోయినట్టే. వారానికి ఒకసారి, బండి నిటారుగా నిలబెట్టి, ఇంజిన్ ఆపి కొన్ని నిమిషాలు ఆగి ఆయిల్ గేజ్ చూడండి. ఇంజిన్‌లో ఆయిల్ లేక పట్టేస్తే ఏ వారంటీ కాపాడదు.

వారంటీ పత్రంలో "వాణిజ్య వాడకం" లేదా "అద్దె వాడకం" గురించి ఏముందో కూడా చూడండి. కొన్నింటిలో అలాంటి బైకులకు వారంటీ తక్కువ కాలమే ఉంటుంది, కొన్నింటిలో అసలు ఉండదు. సొంతంగా కొని డెలివరీకి పెట్టాలనుకునేవాళ్లు డబ్బు కట్టేముందే షోరూమ్‌లో ఈ మాట అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి.

బైక్ కంపెనీది అయితే, డబ్బు ఎవరు కట్టాలి?

అసలు భయం ఇక్కడే. బైక్ కంపెనీ పేరు మీద ఉంటుంది, వారంటీ అడిగే హక్కూ కంపెనీదే. కానీ షోరూమ్ కాదన్నాక "నీ నిర్లక్ష్యం వల్లే ఇంజిన్ పోయింది" అని మీ జీతంలో కోత పెట్టొచ్చు. దీనికి చట్టం హద్దులు పెట్టింది.

ఖతార్ కార్మిక చట్టం, అంటే 2004 నాటి 14వ నంబరు చట్టంలో, 45వ ఆర్టికల్ ప్రకారం:

- కార్మికుడి తప్పు వల్ల యంత్రం పాడైతేనే అతను నష్టపరిహారం కట్టాలి. తప్పు ఉందో లేదో తేల్చడానికి ముందు విచారణ జరగాలి.
- జీతంలోంచి కోస్తే నెలకు ఏడు రోజుల జీతానికి మించకూడదు.
- కంపెనీ నిర్ణయం మీకు తెలిపిన రోజు నుంచి ఏడు రోజుల్లోగా కార్మిక శాఖ దగ్గర అభ్యంతరం చెప్పుకోవచ్చు.

ఉదాహరణకి జీతం 1,500 రియాళ్లు అయితే ఏడు రోజుల జీతం 350 రియాళ్లు. ఇంజిన్ బిల్లు 2,000 అయినా ఒకే నెలలో మొత్తం కోసేయడానికి లేదు. అప్పులు, ఇతర కోతలు అన్నీ కలిపినా ఒక నెలలో జీతంలో సగానికి మించకూడదని అదే చట్టం చెబుతుంది.

ఏడు రోజుల గడువు చాలా చిన్నది. "వచ్చే శుక్రవారం సెలవు రోజు చూద్దాంలే" అనుకుంటే దాటిపోతుంది. కార్మిక మంత్రిత్వ శాఖ హెల్ప్‌లైన్ 16505కి వెంటనే ఫోన్ చేయండి. కార్మిక శాఖ దగ్గర మాటల్లో పరిష్కారం కాకపోతే కేసు కార్మిక వివాదాల పరిష్కార కమిటీకి వెళ్తుంది. 2017లో వచ్చిన 13వ నంబరు చట్టం కింద ఏర్పడిన ఈ కమిటీలు మొదటి విచారణ నుంచి మూడు వారాల్లో తీర్పు ఇవ్వాలి.

మీకు అర్థం కాని భాషలో ఉన్న కాగితం మీద, ముఖ్యంగా "నా తప్పు వల్ల పాడైంది" అనే అర్థం వచ్చే దాని మీద, సంతకం పెట్టకండి. చదివి చెప్పమని తెలిసినవాళ్లని అడగండి. భారత రాయబార కార్యాలయం ఆధ్వర్యంలో నడిచే ఐసీబీఎఫ్‌ని, మన తెలుగు సంఘాలవాళ్లని సంప్రదించొచ్చు.

తప్పు మీది కాదని చూపించేది ఫోనే

ఆయిల్ మార్పు కంపెనీ మెకానిక్ చేసినా, కంపెనీ చెప్పిన గ్యారేజీలో చేయించినా, ప్రతిసారీ ఈ నాలుగు ఫోటోలు తీయండి:

1. మీటరు మీద కిలోమీటర్లు.
2. ఆయిల్ డబ్బా ముందు, వెనక. మూడు గుర్తులూ కనిపించాలి.
3. బిల్లు. దాని మీద తేదీ, బైక్ నంబరు, ఆయిల్ పేరు, గ్యారేజీ ముద్ర ఉండాలి. "ఆయిల్ చేంజ్" అని మాత్రమే రాస్తే సరిపోదు, పేరు రాయమని అడగండి.
4. మార్చాక ఆయిల్ గేజ్.

వాటిని అదే రోజు సూపర్‌వైజర్‌కి వాట్సాప్‌లో పంపండి. గడువు దగ్గర పడితే ముందే మెసేజ్ పెట్టండి: "బైక్ 2,800 తిరిగింది, 3,000కి ఆయిల్ మార్చాలి." అవతలివాళ్లు "ఇంకా నడుపు, తర్వాత చూద్దాం" అంటే ఆ జవాబు చెరపకండి. రేపు విచారణలో తప్పు ఎవరిదో అదే చెబుతుంది. ఫోన్ పోయినా పోకుండా ఈ ఫోటోలు ఇంటికి కూడా ఒకసారి పంపి ఉంచండి.

షోరూమ్ "వారంటీ లేదు" అంటే

గొడవ పడకండి, అలాగని వదిలేయకండి. కారణం కాగితం మీద రాసివ్వమనండి. ఏ భాగం ఎలా పాడైందో ఫోటోలు అడగండి. ఆ లోపు ఇంజిన్‌ని బయట ఎక్కడా విప్పించకండి, విప్పితే రుజువే పోతుంది. బైక్ మీ పేరు మీద ఉంటే వాణిజ్య, పరిశ్రమల మంత్రిత్వ శాఖ నంబరు 16001కి ఫిర్యాదు చేయొచ్చు. ఖతార్‌లో 2008 నుంచి వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. కంపెనీ బైక్ అయితే ఫిర్యాదు కంపెనీ చేయాలి. మీ దగ్గరున్న బిల్లులు, ఫోటోలు కంపెనీకి ఇవ్వండి, ఇచ్చినట్టు మెసేజ్ పెట్టండి.

ఊళ్లో ఉన్న బైక్ సంగతి

జగిత్యాలలోనో, రాజంపేటలోనో నాన్నకో తమ్ముడికో బైక్ కొనిచ్చి ఉంటే అక్కడ సమస్య తిరగబడుతుంది. బైక్ తక్కువ తిరుగుతుంది, కిలోమీటర్లు నిండవు, నెలలు మాత్రం దాటిపోతాయి. "ఇంకా వెయ్యి కూడా తిరగలేదు కదా" అని ఉచిత సర్వీస్ కూపన్లు వదిలేస్తారు. గడువు తేదీ దాటినా వారంటీకి ఇబ్బందే. ఈ శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు సర్వీస్ పుస్తకం ఫోటో పంపమనండి. చివరి సర్వీస్ తేదీ మీరే చూడండి.

అక్కడ సమస్య వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు వేయొచ్చు. వస్తువు ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు.

గుర్తుపెట్టుకోవాల్సినవి

- మాన్యువల్ చెప్పిన చిక్కదనం, ఏపీఐ గ్రేడు, జాసో ఎంఏ లేదా ఎంఏ2. ఈ మూడూ సరిపోతేనే కొనండి.
- మూత తీయని డబ్బా మీ ముందే తెరిపించండి. లూజు ఆయిల్ వద్దు.
- నెలలతో పాటు కిలోమీటర్లు కూడా లెక్కపెట్టండి.
- బిల్లు లేని ఆయిల్ మార్పు, వారంటీ లెక్కలో జరగనట్టే.
- జీతం కోత నోటీసు వస్తే ఏడు రోజుల్లోపు 16505.

ఒక లీటరు ఆయిల్, ఒక బిల్లు, నాలుగు ఫోటోలు. నెలకు ఒకసారి పది నిమిషాల పని. ఇంటికి పంపాల్సిన డబ్బు ఇంజిన్ బిల్లుకి పోకుండా ఉండాలంటే ఈ పది నిమిషాలు వదలకండి. మీ గదిలో, మీ క్యాంపులో బైక్ నడిపేవాళ్లు ఉంటే వాళ్లకీ చెప్పండి.